తోబుట్టువు తాడు

అక్టోబర్ 31

పనిలో చేరాను. పేరు అడిగితే డయానా అన్నాను, ఇంటిపేరు అత్తగారి వైపుది చెప్పాను. మేస్త్రి బాలశౌరి తలెత్తి నా మొహం చూశాడు, చూసి పక్కామెను పిలిచాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, బూట్లు రేపొస్తాయి అన్నాడు. రావని వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

మా తమ్ముడు అంతోని పోయినప్పుడు ఈ బాలశౌరి శవం దగ్గరికి వచ్చి ఉంటే నన్ను గుర్తుపట్టేవాడు. రాలేదు. వేసవిలో వాడు చేసిన ఆ పాపం ఇప్పుడు నాకు కలిసొచ్చింది.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నేను కూలి కోసం చేరలేదు.

నవంబర్ 2

ఒళ్ళంతా నల్లనూనె. తుఫాను వానకి నూనె డిపోలో పొంగి, గోడ కింద నుంచి కాలవలోకి దిగిపోయింది. కంకిపాడు దిగువన ఎంత దూరం చూసినా నీళ్ళు కనబడవు, తారురోడ్డు వేసినట్టుంది. చేలకి తూములు మూసేశారు. పొట్ట మీదున్న వరి నీళ్ళు లేక ఎండుతోందని రైతులు గట్టు మీద నిలబడి మమ్మల్ని తిడుతున్నారు. నూనె పోసిన వాడు అందడు, ఎత్తేవాళ్ళం అందుతాం.

పని చెప్పుకుంటే సులువే. అరటి బోదెలు కాలవకి అడ్డంగా కట్టారు, నూనె అక్కడ ఆగుతుంది. మేం ఆడవాళ్ళం నడుం లోతున దిగి వరిగడ్డి పరుస్తాం. గడ్డి నూనె పీల్చాక తీసి డ్రముల్లో పిండుతాం. డ్రములు ఆటోలో డిపోకి వెళతాయి. అక్కడ వెనకవైపు పాత సిమెంటు గొయ్యి ఉంది. దాని మూతి మీద జాలీ పెట్టి, గడ్డీ గాదం వడగట్టి, నూనె లోపల పోయాలి. మోటారు దాన్ని లాగి ట్యాంకరుకి ఎక్కిస్తుంది.

ముఠా అంతా నాట్లు వేసే ముఠానే. ముఠాకి పెద్ద సుబ్బరత్నం. మోకాళ్ళ నొప్పులు, నోరు మాత్రం పదునుగానే ఉంది. కాలవలో కూడా వీళ్ళు నాట్లు వేసినట్టే వరసగా వెనక్కి నడుస్తారు. ముందుకు నడవండమ్మా అని బాలశౌరి అరిస్తే, ముందుకు నడిస్తే మా చేతులు పని మర్చిపోతాయి అంది సుబ్బరత్నం.

అమ్మకి కంకిపాడులో కుట్టుపని దొరికిందని చెప్పాను. నా గోళ్ళు చూసింది. 

నవంబర్ 3

వాంతులు. నిమ్మకాయ వాసన చూస్తూ పడుకున్నాను.

నవంబర్ 5

ఇవాళ డ్రములతో పాటు డిపోకి వెళ్ళే వంతు నాది. అంతోనిని దింపిన ట్యాంకు చూశాను. దానికి ఆకుపచ్చ రంగు వేశారు.

మడ్డి తీయడానికి దింపారు, లోపలి గాలికి ఊపిరాడక చచ్చిపోయాడు. తాగి, ఎవరూ చెప్పకుండానే, తనంతట తానే దిగాడని పోలీసులకి చెప్పారు. చెప్పింది బాలశౌరి. గుణదలలో మా పేటంతా అదే మాట తిరిగింది. వాడిదీ గుణదలే, పూజలో ముందు వరసలో కూర్చుంటాడు, నేను పెళ్ళై వచ్చేశాను కాబట్టి నన్ను ఎరగడు. అమ్మ గుడికి వెళ్ళడం మానేసింది. తాగుబోతు తల్లి వచ్చిందని అనుకుంటారని. ఆమెను కంకిపాడు తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను.

అంతోని తాగడని నేననను. పండక్కి తాగుతాడు, పెళ్ళిళ్ళలో తాగుతాడు. పనిరోజు తాగడు. బావిలోకి దిగేవాడు తాగకూడదని నాన్న చిన్నప్పుడే మా ఇద్దరి చెవుల్లో పోశాడు. నాన్న శౌరయ్య బావులు పూడిక తీసేవాడు. దిగేముందు వేపమండలు కట్ట కట్టి, తాడుకి వేలాడదీసి, బావిలో పైకీ కిందికీ ఆడించి చెడ్డగాలిని తోలాలి. దిగినవాడి తాడు తోబుట్టువే పట్టాలి. తోబుట్టువు లేకపోతే పట్టినవాడే తోబుట్టువు, ఆ రోజు నుంచి వాడు ఇంటివాడు. రెండుసార్లు తాడు అదిరితే ఏం ఎందుకు అనకుండా పైకి లాగాలి. అంతోని తాడు నేను పట్టేదాన్ని. బోర్లు వచ్చి బావులు పోయాయి, వాడు డిపోలో కూలికి పోయాడు.

ట్యాంకులో వాడికి తాడే కట్టలేదు.

నవంబర్ 6

జాలీ కొంచెం పక్కకి జరిపాను. పిడికెడు గడ్డి గొయ్యిలో పడింది. ఎవరూ చూడలేదు.

నవంబర్ 7

ఇవాళ కూడా పిడికెడు.

నవంబర్ 8

పిడికెడు కాదు, కట్ట. గడ్డి అడుక్కి దిగి మోటారు గొట్టం మూతికి చుట్టుకుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు మోటారు లాగదు. అప్పుడు ఎవరో ఒకరు గొయ్యిలోకి దిగి తీయాలి. డిపోలో మగ కూలీలు వానలప్పుడే మానేసి పోయారు. మిగిలిన మగవాడు బాలశౌరి ఒక్కడే.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడు ఎరిగి ఊరుకున్నాడు కాబట్టి నేను చేస్తున్నాను.

నవంబర్ 9

బాలశౌరి మజ్జిగ తెప్పించాడు. చేతులకి రాసుకోమని కొబ్బరినూనె తన డబ్బులతో కొని తెచ్చాడట. ముందే రాసుకుని దిగితే నల్లనూనె చర్మానికి అంటదట. అందరూ రాసుకున్నారు. మేస్త్రి మంచోడేనే అంది వినీల. వినీల సుబ్బరత్నం మేనకోడలు, మా అందరిలో చిన్నది, సన్నగా ఉంటుంది, కాలవలో కూడా ఫోనుతో పాటలు పెడుతుంది.

నేను రాసుకోలేదు. మజ్జిగ తాగాను. దాహం వేసి తాగాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

నవంబర్ 11

బోదెల దగ్గర నీటికాకి ఒకటి దొరికింది, నూనెలో మునిగి, నోరు తెరుచుకుని. బాలశౌరి దాన్ని ఒళ్ళో పెట్టుకుని సబ్బునీళ్ళతో కడిగాడు. కడుగుతుండగానే చచ్చిపోయింది. వాడు గట్టు మీద దాన్ని పట్టుకుని కూర్చుండిపోయాడు. సుబ్బరత్నం వెళ్ళి భుజం తట్టింది.

కాకికి కూర్చున్నాడు. మా అంతోనికి కూర్చోలేదు. ఆ మాట పైకి అనబోయి నాలుక కొరుక్కున్నాను. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలి.

నవంబర్ 12

దుర్గాప్రసాద్ వచ్చాడు. ఈ డిపో కాంట్రాక్టు అతనిదే, నూనె పోసిందీ అతనే, ఎత్తే పనీ అతనికే ఇచ్చారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ ఆఫీసు. కారు దిగి, జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని, మేం వంగి ఉన్నప్పుడు ఫోటోలు తీయించుకుని, పైనుంచి ఆఫీసర్లు చూడడానికి వస్తున్నారు, కాలవ మెరవాలమ్మా అన్నాడు. బాలశౌరిని పక్కకి పిలిచి ఏదో అన్నాడు. వాడు చేతులు కట్టుకుని, అలాగేనండి, అలాగేనండి అన్నాడు. ముసలి గొర్రెలా ఉన్నాడు ఆ కాసేపూ.

ఇది జాలి కాదు. చూసింది రాశాను.

నవంబర్ 14

రాయగలిగితే రాస్తాను.

మోటారు పొద్దున్నే ఆగిపోయింది. గొయ్యి అంచుల దాకా నిండలేదు, సగం నూనె, పైన గడ్డి తెట్టు కట్టింది. దుర్గాప్రసాద్ ఫోను మీద ఫోను, ఆఫీసర్లు బయల్దేరారట. బాలశౌరి మమ్మల్నందర్నీ డిపోకి పిలిపించాడు. నేను వాడి చొక్కా బొత్తాల వంకే చూస్తున్నాను, ఎప్పుడు విప్పుతాడా అని.

వాడు వినీల వైపు తిరిగాడు.

"నువ్వు సన్నగా ఉన్నావమ్మా. నిచ్చెన మీద దిగి, గొట్టం మూతికున్న గడ్డి లాగి పడేసి వచ్చెయ్. ఏం కాదు."

వినీల ఫోను అత్త చేతికిచ్చి, చీర పైకి దోపుకుంది. అసలు ఆలోచించనైనా లేదు. నేను తీసిన గోతిలో ఆ పిల్ల దిగబోతోంది. ఇన్నాళ్ళూ పిడికెళ్ళు వేశానే, దింపేవాడు ఎప్పుడూ తను దిగడన్న ముక్క నా బుర్రకి తట్టలేదు. అంతోని విషయంలో చూసి కూడా తట్టలేదు.

వినీల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. మొహం మీద గుడ్డ తీశాను.

"ఏం కాదని అంతోనికి కూడా చెప్పారా మేస్త్రి గారూ? నేను అంతోని అక్కని."

వాడి మొహం పాలిపోయింది.  అందరూ వాడినే చూస్తున్నారు. అప్పుడు కూడా నిజం చెప్పి ఉండొచ్చు. పోలీసులకి చెప్పిన మాటే చెప్పాడు. అంతోని తాగి దిగాడమ్మా, తప్పు గాలిది కాదు అన్నాడు.

సుబ్బరత్నం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"మీరు తాగలేదుగా మేస్త్రి గారూ. అయితే మీరు దిగండి."

ఎవరూ నవ్వలేదు. వాడి జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఇక వాడికి రెండే దారులు. గాలి మంచిది కాదని ఒప్పుకుంటే అంతోని సంగతి ఒప్పుకున్నట్టే. లేదంటే దిగాలి. వాడు చొక్కా విప్పాడు. నేను ఇన్నాళ్ళూ పన్నిన దానికంటే వాడి అబద్ధమే వాడిని బాగా పట్టుకుంది.

నడుముకి తాడు కట్టుకుని, రెండో కొన ఎవరికివ్వాలా అని చూశాడు. నేను చెయ్యి చాపాను. ఇవ్వడనుకున్నాను. ఇచ్చాడు.

గొయ్యి మూత పగుళ్ళిచ్చి ఉందని మిగతావాళ్ళని దూరంగా నిలబడమన్నాడు. అంచున నేనొక్కదాన్నే. గేటు పక్కన వేపచెట్టు ఉంది. మండలు చేతికందేంత కిందికి ఉన్నాయి. నేను చూశాను, చూసి ఊరుకున్నాను.

దిగాడు. గడ్డి పైకి విసిరాడు, ఒక ముద్ద, ఇంకో ముద్ద. నా కాళ్ళ దగ్గర పడ్డాయి. తర్వాత ఏమీ రాలేదు. తాడు అదిరింది.

వెంటనే లాగాను. వినీల, సుబ్బరత్నం పరిగెత్తుకొచ్చి పట్టారు. బయటపడేసరికి వాడు కళ్ళు తేలేశాడు. ఆటోలో వేసి పంపారు. బతుకుతాడట.

నవంబర్ 15

పనికి వెళ్ళలేదు. అరచేతులు తాడుకి ఒరుసుకుని పుళ్ళయ్యాయి. అమ్మ చూసింది. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పాను. గడ్డి సంగతి చెప్పలేదు.

అమ్మ పుళ్ళకి వెన్న రాసింది. రాస్తూనే, "వాడి తాడు నువ్వు పట్టావా?" అంది. పట్టానన్నాను. "అయితే ఇక వాడిని తిట్టకు" అంది. నాన్న మాట నాకే అప్పజెబుతుంది. కన్నకొడుకుని చంపినవాడిని తిట్టకూడదట. కోపంతో అన్నం తినలేదు.

నవంబర్ 16

వాడి భార్య ఎలిజబెత్ వచ్చి నా కాళ్ళ మీద పడింది. దేవతలా అడ్డుపడ్డావమ్మా అని ఏడ్చింది. తమ్ముడిని పోగొట్టుకున్న పిల్ల ఆ మేస్త్రినే లాగి బతికించిందని గుణదలలో ఫాదర్ గారు ప్రసంగంలో చెప్పారట. క్షమ అంటే అదీ అన్నారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు క్షమించారు? ఎవరిని అడిగి చెప్పారు?

ఒకటి సరిగ్గా రాయాలి. మొన్న వెంటనే అని రాశాను. తాడు రెండోసారి అదిరాక లాగాను. రెండుసార్లు అదిరితేనే కదా లాగాలి. అది పద్ధతే.

నవంబర్ 18

ఆస్పత్రికి వెళ్ళాను. చూడడానికి కాదు, మాట తీసుకోవడానికి.

మంచం మీద చిన్నగా అయిపోయాడు. ఎలిజబెత్ కాఫీకని బయటికి వెళ్ళింది. నేను కూర్చోలేదు. విచారణకి ఆఫీసరు వస్తున్నాడు, అంతోని తాగలేదని అందరి ముందూ చెప్పాలి అన్నాను. వాడు తల ఊపాడు. బేరం లేదు, బతిమాలడం లేదు. అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు తృప్తిగా లేదు. ఎందుకు తాడు నాకిచ్చావని అడిగాను.

"నీ చేతిలో ఉంటే న్యాయంగా ఉంటుందనిపించిందమ్మా" అన్నాడు. కిటికీ వైపు చూస్తూ, "గొయ్యిలో గడ్డి చాలా ఉంది. జాలీ ఉండగా అంత గడ్డి పడదు" అన్నాడు.

నేను గుమ్మం వైపు నడిచాను. వాడూ ఆపలేదు.

నవంబర్ 19

నిద్ర లేదు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇక నిజం ఎక్కడ ఉంటుంది?

రెండోసారి అదిరాక కూడా లాగలేదు. తాడు బిగించి పట్టుకుని నిలబడ్డాను. మూడోసారి అదిరింది, గట్టిగా కాదు, చేప కొరికినట్టు. నేను గొయ్యిలోకి వంగి, అంతోని తాగాడా అని అడిగాను. కింద నుంచి ఏదో వచ్చింది. తాగలేదు అన్నాడనే అనుకుంటున్నాను. దగ్గేమో. నేను ఇంకా నిలబడే ఉన్నాను. అప్పుడు తాడు బరువైంది. ఒక్కసారిగా బరువైంది. చిన్నప్పుడు బావిలో అంతోని కాలు జారి వేలాడినప్పుడు నా చేతులకి తెలిసిన బరువు. చేతులు వాటంతట అవే లాగడం మొదలుపెట్టాయి. నేను లాగలేదు, చేతులు లాగాయి.

ఇది జాలి కాదు. చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు, అందుకే లాగాను. అలా అనుకునే లాగాను.

నవంబర్ 22

వినీల ఇంటికి వచ్చింది. కొబ్బరినూనె సీసా తెచ్చింది. ఆ రోజు నన్ను ఆపకపోతే ఏమయ్యేదాన్నో అక్కా అంది. నా ఒళ్ళో తల పెట్టుకుని ఫోనులో ఏదో చూసి నవ్వుతోంది. నేను ఆ పిల్ల తల మీద చెయ్యి వేయలేకపోయాను.

నవంబర్ 27

అయిపోయింది.

డిపో ఆవరణలో టెంటు వేసి కుర్చీలు వేశారు. ఆఫీసరు గారు, పోలీసులు, మా ముఠా అంతా. గట్టు మీద రైతులు కూడా వచ్చారు. దుర్గాప్రసాద్ ఇస్త్రీ చొక్కాతో ముందు కూర్చున్నాడు. అమ్మని నేనే తీసుకెళ్ళాను. అందరూ చూసేలా మధ్య వరసలో కూర్చోబెట్టాను.

బాలశౌరి కర్ర పట్టుకుని లేచాడు. ఊపిరి ఇంకా సరిగా అందడం లేదు. నూనె సంగతి అడిగితే నూనె సంగతి చెప్పాడు. గోడ కింద కన్నం ఉందని వేసవిలోనే దుర్గాప్రసాద్‌కి చెప్పాడట, పూడ్చలేదట. తర్వాత ఎవరూ అడగకుండానే అమ్మ వైపు తిరిగాడు.

"అంతోని తాగలేదమ్మా. నేనే దింపాను. వేపమండలు తెచ్చుకుంటానన్నాడు, ఇది బావి కాదురా అని నవ్వాను. తాడు కట్టలేదు. తాగాడని చెప్పమన్నది దుర్గాప్రసాద్ గారు, చెప్పింది నేను."

దుర్గాప్రసాద్ కుర్చీలోంచి సగం లేచాడు. ఎస్సై గారు చెయ్యి చూపిస్తే మళ్ళీ కూర్చున్నాడు. ఆ మొహం చూశాను. ఏడు జన్మలకి సరిపడా చూశాను. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, ఈసారి వాసనకి కాదు. నా కడుపు చల్లబడింది. సాయంత్రానికి అతన్ని జీపు ఎక్కించారు. బాలశౌరినీ ఎక్కించారు. ఎక్కించాల్సిందే.

అమ్మ ఏడవలేదు. కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆదివారం గుణదల వెళదాం, ముందు వరసలో కూర్చుందాం అంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

మాట చెప్పి కూర్చోబోతున్న బాలశౌరిని ఆఫీసరు గారు ఆపారు. నీకు ప్రమాదం జరిగినప్పుడు తాడు ఎవరు పట్టారు, లాగడంలో ఆలస్యమేమన్నా జరిగిందా, గొట్టంలోకి అంత గడ్డి ఎలా వెళ్ళింది అని అడిగారు.  కర్ర పట్టుకుని నిలబడ్డ ఆయన నా వైపు చూడలేదు.

"జాలీ పాతదండి, నేనే మార్పించలేదు. తాడు ఈ అమ్మాయి పట్టింది. అదిరీ అదరగానే లాగేసిందండి. క్షణం కూడా ఆగలేదు."

ఆఫీసరు గారు రాసుకున్నారు. సుబ్బరత్నం నా చెయ్యి నొక్కింది. అమ్మ నా వంక చూసింది, బావి దగ్గర నాన్న చూసేవాడే, అలా.

నేను లేచి నిలబడి, అది నిజం కాదండి అని ఉండాల్సింది. లేవలేదు.

నవంబర్ 30

ఆదివారం. గుణదల వెళ్ళాం. అమ్మ ముందు వరసలో కూర్చుంది. ఎలిజబెత్ వెనక ఎక్కడో కూర్చుంది. పూజ అయ్యాక అమ్మే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

పైన బాలశౌరిని ఆయన అని రాశాను. ఇప్పుడే చూశాను. కొట్టేయలేదు.

డిపో నుంచి ఆ తాడు తెచ్చాను. నూనె వదలడం లేదు, ఎన్నిసార్లు ఉతికినా. అటక మీద పెట్టాను. అంతోనిని చంపినందుకు జైలుకి పోయాడు, అది చెల్లిపోయింది. తాగుబోతన్న మాట వెనక్కి తీసుకున్నాడు, అదీ చెల్లిపోయింది. నేను అడిగింది నిజం ఒక్కటే. దాని పైన నా కోసం ఒక అబద్ధం ఎందుకు చెప్పాడు? నా తాడు పట్టుకుని నన్ను పైకి లాగే హక్కు వాడికి ఎవరిచ్చారు?

దానికి మాత్రం వాడిని ఎప్పటికీ క్షమించను.